అమెరికా నుంచి తెచ్చిన 915 మెగాహెర్ట్జ్ సెన్సార్లు మన చేన్లో పెట్టొచ్చా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "అన్నా, మాది నర్సంపేట దగ్గర ఊరు. మూడెకరాల మిర్చి, రెండెకరాల మక్క ఉన్నది. మా బావ డాలస్ నుంచి వచ్చేటప్పుడు నేల తేమ సెన్సార్లు ఆరు, గాలి వాన చూసే చిన్న స్టేషన్, ఇంటి మీద పెట్టే గేట్‌వే తెచ్చిండు. అన్నిటి మీద 915 మెగాహెర్ట్జ్ అని ఉన్నది. బిగించినం, ఫోన్ల మంచిగ చూపిస్తున్నయ్. ఇప్పుడు ఒక ఫ్రెండ్ ఇండియాల 865 వాడాలె, ఇది తప్పు అంటున్నడు. మంచిగ పనిచేస్తున్నదాన్ని ఎందుకు తియ్యాలె? పవర్ తగ్గిస్తె సరిపోదా? సాఫ్ట్‌వేర్‌ల 865కు మార్చొచ్చా?"

తమ్ముడూ, మీ ఫ్రెండ్ చెప్పింది నిజం. ముందు గేట్‌వేకు కరెంటు తీసేయండి, సెన్సార్లలోంచి బ్యాటరీలు తీయండి. తర్వాత నింపాదిగా ఇది చదవండి. నేను హన్మకొండలో ఉంటూ పొలాల్లో, మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో వైర్‌లెస్ సెన్సార్లు బిగించే పని చేస్తాను. అమెరికా నుంచి మనవాళ్లు సెలవులకు వచ్చి వెళ్లాక ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నాను.

"మంచిగ పనిచేస్తున్నది" అన్నారు. పనిచేయకుండా ఎందుకుంటుంది? సెన్సార్ పంపుతుంది, గేట్‌వే అందుకుంటుంది, డాలస్‌లో అయినా నర్సంపేటలో అయినా వాటికి తేడా లేదు. అయితే మీ సెన్సార్ మాట్లాడిన ఆ క్షణంలో దాని మాట ఇంకెవరి చెవిలో పడుతోందన్నది మీ యాప్ ఎప్పటికీ చూపించదు. మీ చేన్లో పెట్టిన ఆరు సెన్సార్లు పంపే సందేశాలు, సెల్ టవర్ ఫోన్ల మాట వినడానికి కేటాయించుకున్న జాగాలోనే పడుతున్నాయి. మొత్తం సమస్య ఇదే. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

అసలు ఇట్లా ఎందుకైందో తెలిస్తే మళ్లీ ఏ పరికరం కొన్నా మీరే తేల్చుకోగలుగుతారు.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రపంచాన్ని మూడు ప్రాంతాలుగా విడదీసింది. యూరప్, ఆఫ్రికా మొదటిది. అమెరికా ఖండాలు రెండోది. మనం, మిగతా ఆసియాలో ఎక్కువ భాగం, ఆస్ట్రేలియా వైపు దేశాలు మూడోది. 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ వరకు పరిశ్రమలు, ప్రయోగశాలలు, వైద్య పరికరాలు వాడుకోవచ్చని ఇచ్చిన జాగా ఆ రెండో ప్రాంతానికి మాత్రమే. 1985లో అమెరికా ప్రభుత్వ కమిషన్ ఆ జాగాలో లైసెన్సు లేకుండా తక్కువ పవర్ రేడియోలు కూడా వాడుకోవచ్చని అనుమతించింది. అక్కడ సెల్‌ఫోన్లు మొదలైంది 850 బ్యాండ్‌లో. ఫోన్లు 824 నుంచి 849 వరకు మాట్లాడతాయి, టవర్లు 869 నుంచి 894 వరకు జవాబిస్తాయి. కాబట్టి 902 పైన సెన్సార్లు పెట్టుకుంటే అక్కడ ఫోన్లకు ఏ ఇబ్బందీ లేదు.

యూరప్ వాళ్లు జీఎస్ఎం ఫోన్లకు వేరే జాగా ఎంచుకున్నారు. ఫోన్ నుంచి టవర్‌కు 890 నుంచి 915 వరకు, టవర్ నుంచి ఫోన్‌కు 935 నుంచి 960 వరకు. 1995లో మన దేశంలో మొబైల్ మొదలైనప్పుడు వచ్చింది ఈ యూరప్ పద్ధతే. తర్వాత సీడీఎంఏ ఫోన్లు వచ్చినప్పుడు అమెరికా వాళ్ల 850 బ్యాండ్ కూడా తెచ్చుకున్నాం. సీడీఎంఏ పోయింది కానీ ఆ బ్యాండ్ ఇప్పుడు 4జీకి పనికొస్తోంది. అంటే మన నెత్తి మీద యూరప్ ఫోన్ల బ్యాండ్, అమెరికా ఫోన్ల బ్యాండ్ రెండూ నడుస్తున్నాయి. 850 బ్యాండ్‌లో ఫోన్లు పంపే చోటుకూ టవర్లు పంపే చోటుకూ మధ్య సెన్సార్లకు మిగిలిన సన్నటి సందు 865 నుంచి 868. మనవాళ్లకు ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని చాలామంది అడుగుతారు. కాగితం మీద ఈ బ్యాండ్లన్నీ వరుసగా గీసి చూడండి, ఇంకెక్కడ పెట్టగలరో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు మీ కిట్ సంగతి. మీది లోరావాన్ (లోరా అనే, తక్కువ పవర్‌తో ఎక్కువ దూరం పంపే రేడియోలు వాడే పద్ధతి) గేట్‌వే అయితే, అమెరికా చానళ్ల ప్లాన్‌లో సెన్సార్లు గేట్‌వేకు పంపే చానళ్లు 902.3 దగ్గర మొదలై 914.9 దాకా 64 ఉంటాయి. ఒక్కటి కూడా తప్పకుండా అన్నీ 890 నుంచి 915 లోపలే పడతాయి. ఎవరో కావాలని చేసినా ఇంత కచ్చితంగా కుదరదు. పెట్టె మీద 915 అని రాసి ఉంటుంది కాబట్టి చాలామంది "ఫోన్ల బ్యాండ్ 915 దగ్గర అయిపోతుంది కదా, మనది ఆ అంచున ఉంటుంది" అనుకుంటారు. ఆ 915 కేవలం మధ్య అంకె. పరికరం తిరిగేది 902 నుంచి 928 మధ్య. గాలివాన స్టేషన్లలో కొన్ని ఈ మొత్తం జాగాలో ఒక చానల్ నుంచి ఇంకో చానల్‌కు దుముకుతూ రెండు మూడు సెకన్లకోసారి పంపుతూనే ఉంటాయి. తేమ సెన్సార్ల కన్నా వాటితోనే నాకు ఎక్కువ బెంగ.

"నాది పిడికెడంత డబ్బా, అంత పెద్ద టవర్‌ను ఏం చేస్తది" అనే మాట చాలాసార్లు విన్నాను. టవర్ పంపే పవర్ పెద్దదే. కానీ ఇక్కడ దెబ్బ తగిలేది టవర్ పంపే వైపు కాదు, వినే వైపు. ఊరి చివర, రేకుల ఇంట్లో, టవర్‌కు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫోన్ 4జీలో పంపేది ఎక్కువలో ఎక్కువ 200 మిల్లీవాట్లు. గోడలు, చెట్లు, దూరం దాటి టవర్‌కు చేరేసరికి అందులో మిగిలేది అత్యల్పం. మీ సెన్సార్ 100 మిల్లీవాట్లే పంపుతుంది కానీ, మీ చేను టవర్‌కు 300 మీటర్లలో, మధ్యలో అడ్డం లేకుండా ఉంటే, దాని సిగ్నల్ ఆ ఫోన్ సిగ్నల్ కన్నా వేల రెట్లు బలంగా టవర్‌కు చేరుతుంది. దూరం నుంచి ముసలామె గొణుగుతున్నది వినడానికి ప్రయత్నిస్తున్న మనిషి చెవి పక్కన డప్పు కొట్టినట్టు ఉంటుంది.

ఇది ఎంత దెబ్బ అన్నది కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. అరగంటకోసారి రెప్పపాటు కాలం పంపే ఒక్క సెన్సార్ వల్ల ఊళ్లో ఫోన్లన్నీ ఆగిపోవు. లోరా సందేశం వెడల్పు మామూలుగా 125 కిలోహెర్ట్జ్. 2జీలో ఒక చానల్ 200 కిలోహెర్ట్జ్. 4జీలో ఫోన్లకు పంచి ఇచ్చే ముక్క 180 కిలోహెర్ట్జ్. కాబట్టి ఒక సందేశం పడ్డప్పుడు ఒక 2జీ చానల్ లేదా ఒకటి రెండు 4జీ ముక్కలు ఆ కాసేపు చెడతాయి. మాటలో ఒక అక్షరం తెగుతుంది, అంతే. అయితే మీ దగ్గరున్నవి ఆరు సెన్సార్లు, ఒక స్టేషన్. సిగ్నల్ సరిగా లేనప్పుడు జవాబు రాలేదని సెన్సార్ మళ్లీ మళ్లీ పంపుతుంది. బ్యాటరీ డబ్బాలోకి నీళ్లు దిగి బోర్డు పాడైతే కొన్ని ఆపకుండా పంపుతూ ఉండిపోతాయి. చేను మధ్యలో ఉన్న డబ్బా అట్లా మొత్తుకుంటుంటే వారం దాకా ఎవరికీ తెలియదు.

ఆ వారంలో ఇబ్బంది పడేది ఎవరో ఆలోచించండి. టవర్‌కు దగ్గరున్నవాళ్లకు ఏమీ కాదు, వాళ్ల ఫోన్ సిగ్నల్ బలంగానే ఉంటుంది. పాకాల వైపు అడవి అంచున ఉన్న గూడేల్లో, తండాల్లో, అంతంత మాత్రం సిగ్నల్‌తో బతికేవాళ్లకే ముందు పోతుంది. వాళ్ల ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగానే కనిపిస్తాయి, ఎందుకంటే టవర్ నుంచి వచ్చేది బాగానే ఉంది. కానీ కాల్ కలవదు. 108కి కొడితే మోగదు. ఇంకొకటి మీకు బాగా తెలిసిందే: మన దగ్గర బోరు మోటార్లకు మొబైల్ స్టార్టర్లు ఎంతమంది పెట్టుకున్నారు? అందులో చాలావరకు 2జీ సిమ్ మీద నడుస్తాయి. పక్క చేనాయన రాత్రి ఇంటి నుంచి మోటార్ బంద్ చేద్దామంటే స్టార్టర్ నుంచి జవాబు రాదు. ఆయన స్టార్టర్ పాడైందనుకుని మెకానిక్‌కు డబ్బులు ఇస్తాడు. మీ సెన్సార్ సంగతి ఆయనకు తెలియదు, ఆయన స్టార్టర్ సంగతి మీకు తెలియదు. నాకు ఈ విషయంలో పట్టుదల ఎందుకంటే ఇందుకే. చట్టం సంగతి తర్వాత.

పవర్ తగ్గిస్తే సరిపోదా అన్నారు. తగ్గిస్తే దెబ్బ తగ్గుతుంది, జాగా మాత్రం మారదు. ఆ బ్యాండ్‌ను కంపెనీలు వేలంలో డబ్బు కట్టి తీసుకున్నాయి. అక్కడ మనకు 1 మిల్లీవాట్ హక్కు కూడా లేదు. పైగా అమెరికా కిట్లు చాలావాటిలో పవర్ మార్చే వీలే ఉండదు. హామ్ రేడియో (సరదా కోసం రేడియో నడిపేవాళ్ల) లైసెన్స్ ఉంటే వాడుకోవచ్చా అని హైదరాబాద్ నుంచి ఒక కుర్రాడు అడిగాడు. అదీ కుదరదు. 902 నుంచి 928 హామ్ బ్యాండ్ అమెరికా ప్రాంతానిదే, మన దేశంలో హామ్‌లకు అది లేదు.

చట్టం గురించి రెండు మాటలు. 865 నుంచి 867 వరకు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005లో నియమాలు వచ్చాయి. ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్ దాకా, యాంటెన్నా ఒక దిక్కుకు పెంచే బలం కలుపుకుని 4 వాట్ల దాకా, వెడల్పు 200 కిలోహెర్ట్జ్ లోపల. 2021లో దీన్ని 868 వరకు పెంచారు. లైసెన్సు అక్కర్లేదంటే షరతులు లేవని కాదు. మన పరికరం ఎవరికీ ఆటంకం కలిగించకూడదు, మనకు ఎవరైనా ఆటంకం కలిగిస్తే రక్షణ అడగకూడదు. పరికరానికి కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నుంచి ఈటీఏ అనే ఆమోదం కూడా ఉండాలి. సరళ్ సంచార్ పోర్టల్‌లో దాన్ని తీసుకోవడం తయారీదారు లేదా దిగుమతిదారు పని. ఇక మిగతా బ్యాండ్లలో అనుమతి లేని వైర్‌లెస్ పరికరాన్ని వాడటం అటుంచి, దగ్గర పెట్టుకోవడమే తప్పని 1933 నాటి చట్టం చెప్పేది. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం చేశారు, అందులోనూ అనుమతి లేని వాడకానికి శిక్షలు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా అని ధీమా పడొద్దు. ఫ్రీక్వెన్సీ, లైసెన్సు వివరాలు చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నందుకు 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పెద్ద పెద్ద ఆన్‌లైన్ అంగళ్లకే నోటీసులిచ్చింది.

పట్టుకుంటారా అంటే, పట్టుకోగలరు. ప్రతి టవర్ తన వినే వైపు ఎంత రొద ఉందో ఎప్పటికప్పుడు నమోదు చేస్తుంది. అది పెరిగితే ముందు కంపెనీ మనుషులు చేతి యాంటెన్నా పట్టుకుని దిక్కులు చూస్తూ వస్తారు. తేలకపోతే వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్‌కు ఫిర్యాదు వెళ్తుంది. మామూలుగా వాళ్లు వెతికేది ఇళ్ల మీద దొంగచాటుగా పెట్టిన సిగ్నల్ బూస్టర్లను. ఆ వెతుకులాటలో చేను గట్టున ఉన్న డబ్బా కూడా దొరుకుతుంది. మీరు కావాలని చేయలేదని నాకు తెలుసు. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఆపేస్తే చాలు.

ఇక అసలు పనికొచ్చే ప్రశ్న: సాఫ్ట్‌వేర్‌లో 865కు మారుతుందా? దీనికి ఒక్క జవాబు లేదు. మూడు రకాల పరికరాలకు మూడు జవాబులు.

గాలివాన స్టేషన్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలిక. సొంత పద్ధతిలో మాట్లాడే ఇలాంటి కిట్లలో ఫ్రీక్వెన్సీ ఫ్యాక్టరీలోనే కుదిరి ఉంటుంది. ఒకే మోడల్‌ను 433, 868, 915 అని మూడు రకాలుగా అమ్మేది అందుకే. దాన్ని మార్చలేరు. పెట్టెలో పెట్టి బావతో వెనక్కి పంపండి. డాలస్‌లో అది నిక్షేపంగా వాడుకోవచ్చు. ఇక్కడ ఎవరికీ అమ్మకండి, ఊరికే కూడా ఇవ్వకండి.

తేమ సెన్సార్లలో లోరా చిప్ ఉంటే ఆశ ఉంది. ఎస్ఎక్స్1276, ఎస్ఎక్స్1262 లాంటి చిప్పులు 865లోనూ, 915లోనూ మాట్లాడగలవు. ఫర్మ్‌వేర్‌లో (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్‌లో) ప్రాంతం మార్చే వీలుంటే ఐఎన్865 ఎంచుకోండి, అది ఇండియా ప్లాన్ పేరు. జాబితాలో ఇంకో నాలుగు పేర్లు ఊరిస్తుంటాయి. ఏఎస్923లో ఆసియా అని ఉంటుంది, మనం ఆసియానే కదా అని చాలామంది దాన్నే నొక్కుతారు. అది మనది కాదు. ఏయూ915 ఆస్ట్రేలియాది, సీఎన్470 చైనాది. ఈయూ868 గురించి కింద చెప్తాను. మెష్‌టాస్టిక్ బోర్డులతో (సిమ్ లేకుండా లోరాతో మెసేజ్‌లు పంపుకునేవి) ఆడుకునే పిల్లలకూ ఇదే మాట: మొదట ఆన్ చేసినప్పుడు ప్రాంతం అడుగుతుంది, అక్కడ ఇండియా పెట్టాలి.

ఫ్రీక్వెన్సీ మారినంత మాత్రాన పని అయిపోదు. చిప్‌కూ యాంటెన్నాకూ మధ్య బోర్డు మీద చిన్న చిన్న భాగాలు ఉంటాయి, కొన్నిటిలో ఫిల్టర్ కూడా. 902 నుంచి 928 దాకా మాత్రమే వదిలే ఫిల్టర్ ఉంటే, 865లో పంపేది అక్కడే చచ్చిపోతుంది. టేబుల్ మీద పది అడుగుల దూరంలో పెట్టి చూస్తే బ్రహ్మాండంగా వస్తుంది, చేన్లోకి తీసుకెళ్తే గట్టు దాటదు. అందుకే పరీక్ష ఇంట్లో చేయకండి. గేట్‌వే ఇంటి మీద పెట్టి, సెన్సార్ చేతిలో పట్టుకుని చేను చివరిదాకా నడవండి. సిగ్నల్ బలం ఎంత చూపిస్తుందో రాసుకోండి. కొత్త 865 సెన్సార్ ఒకటి తెచ్చుకుని అదే దారిలో నడిస్తే తేడా తేలిపోతుంది.

గేట్‌వే దగ్గర మాత్రం నేను ఎవరికీ ఆశ పెట్టను. అమెరికా గేట్‌వేల్లో ఆ ఫిల్టర్ దాదాపుగా ఉంటుంది, గట్టిగానే ఉంటుంది. దాన్ని 865కు మార్చే ప్రయత్నంలో పోగొట్టుకునే టైమ్ కన్నా ఇక్కడ అమ్మే గేట్‌వే కొనుక్కోవడం మేలు. యూరప్ 868 కోసం చేసిన గేట్‌వేలు సాధారణంగా 863 నుంచి 870 దాకా పనిచేస్తాయి. వాటిలో ఐఎన్865 ప్లాన్ వేస్తే నడుస్తాయి, మన దగ్గర అమ్మేవాటిలో చాలావరకు లోపల అవే. కొనేముందు ఈటీఏ సర్టిఫికెట్ అడగండి. అమ్మేవాడు నీళ్లు నమిలితే వేరే షాపు చూసుకోండి.

సెన్సార్, గేట్‌వే, గేట్‌వే అందుకున్నది చేరే సర్వర్ మూడింటిలోనూ ఒకే ప్లాన్ ఉండాలి. ఐఎన్865లో మొదటి మూడు చానళ్లు 865.0625, 865.4025, 865.985. గేట్‌వే జవాబు కోసం సెన్సార్ రెండోసారి చెవి పెట్టే చోటు, అంటే రెండో కిటికీ, 866.550. ఈ అంకెలు సర్వర్‌లో కనిపిస్తే సరిగా పెట్టినట్టే. నిజంగానే గాలిలోకి అక్కడే వెళ్తోందా అని చూసుకోవాలంటే కంప్యూటర్‌కు పెట్టుకునే ఆర్టీఎల్ ఎస్‌డీఆర్ అనే చిన్న డాంగిల్ దొరుకుతుంది. టీవీ చూడటానికి చేసిన వస్తువది, ఈ బ్యాండ్లన్నీ చూపిస్తుంది. సెన్సార్ పంపినప్పుడు తెర మీద ఎక్కడ గీత పడిందో కళ్లారా చూడొచ్చు. సెట్టింగ్‌లో 865 అని ఉండి గాలిలో 903 దగ్గర గీత పడిన బోర్డులు చూశాను, ఫర్మ్‌వేర్ పాతది కావడం వల్ల. అందుకే నా పనిలో చూడనిదే ఏదీ చేన్లో పెట్టను.

ఇంకో దారి ఉంది, మీకు డబ్బు ఆదా అవుతుంది. మీ తేమ సెన్సార్లు ఎట్లా ఉన్నాయో రాయలేదు. మట్టిలో గుచ్చే ముల్లు వేరుగా, రేడియో డబ్బా వేరుగా, మధ్యలో వైరు ఉంటే, ఆ ముల్లు పారేయాల్సిన పని లేదు. ముల్లుకు ఫ్రీక్వెన్సీతో సంబంధమే లేదు. అది వోల్టేజీ ఇచ్చే రకమా, ఎస్‌డీఐ12 రకమా, ఆర్ఎస్485 రకమా అని దాని కాగితంలో ఉంటుంది. దానికి సరిపోయే ఇన్‌పుట్ ఉన్న 865 లోరా నోడ్ (రేడియో డబ్బా) ఇక్కడ కొనుక్కుని ఆ వైరు దీనికి కలపండి. మంచి ముల్లే కిట్‌లో ఖరీదైన భాగం, మీ బావ తెచ్చిన దానిలో విలువంతా అందులోనే ఉంది. అంతా ఒకే ముద్దగా ఉండే రకమైతే మాత్రం ఈ దారి లేదు.

ఈయూ868 సంగతి చెప్తానన్నాను. యూరప్ పరికరాలు మన బ్యాండ్‌కు దగ్గరే కాబట్టి ఫరవాలేదు అనుకునేవాళ్లు చాలామంది. వాటి మొదటి మూడు చానళ్లు 868.1, 868.3, 868.5. మన హద్దు 868. అంటే గట్టు దాటి పక్క చేన్లో కాలు పెట్టినట్టే. ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఒకదానిలో యూరప్ నుంచి తెప్పించిన ఉష్ణోగ్రత సెన్సార్లు పెట్టారు. రీడింగులు వచ్చేవి. కానీ "పది నిమిషాలకోసారి పంపు" లాంటి ఆదేశం ఇస్తే సెన్సార్లకు చేరేది కాదు. పక్క బిల్డింగ్ మీద టవర్ ఉంది. ఆ ప్లాన్‌లో గేట్‌వే జవాబు ఇచ్చే రెండో కిటికీ 869.525. 850 బ్యాండ్‌లో టవర్లు పంపడం మొదలయ్యేది 869 దగ్గరే. అంత దగ్గర్లో టవర్ హోరు ఉంటే చిన్న సెన్సార్‌కు ఏం వినిపిస్తుంది? ఐఎన్865కు మార్చాక ఆ ఇబ్బంది పోయింది, కిటికీ 866.550కి దిగింది కాబట్టి. తప్పు బ్యాండ్ వల్ల పక్కవాళ్లకే కాదు, మన పరికరానికీ దెబ్బే అని చెప్పడానికి ఇది రాశాను. కోల్డ్ స్టోరేజీలకు ఇంకో మాట: గోడలు రేకు తొడిగిన ప్యానెళ్లు, ఏ బ్యాండ్ అయినా దాటడం కష్టం. యాంటెన్నాను వైరుతో గది బయటికి తీయాలి.

433 అని రాసి ఉన్న చవక సెన్సార్లు కూడా అడుగుతుంటారు. 433 నుంచి 434 వరకు మన దగ్గర మినహాయింపు ఉంది, అయితే అది ఇంటి లోపలి వాడకానికి, 10 మిల్లీవాట్ల లోపు. చేనుకు అది దారి కాదు. అమెరికా కార్డ్‌లెస్ ల్యాండ్‌ఫోన్లు కూడా తేవద్దని బావకు చెప్పండి. డెక్ట్ 6.0 అని ఉండేవి 1920 నుంచి 1930 మధ్య పనిచేస్తాయి, మన 2100 బ్యాండ్‌లో ఫోన్లు టవర్‌తో మాట్లాడే చోటు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. వైఫై, బ్లూటూత్ వస్తువులకు ఈ బెడద లేదు, 2.4 గిగాహెర్ట్జ్ ఇక్కడా అక్కడా లైసెన్సు అక్కర్లేనిదే.

కొత్తది బిగించేటప్పుడు మీ చేనుకు పనికొచ్చే నాలుగు మాటలు. యాంటెన్నా 865కు చేసిందే కొనండి. చిన్న పుల్ల యాంటెన్నా అయితే 8.2 సెంటీమీటర్లకూ 8.7 సెంటీమీటర్లకూ పెద్ద తేడా రాదు కానీ, గేట్‌వేకు పెట్టే పొడుగు ఫైబర్ యాంటెన్నాలు తమ బ్యాండ్ దాటితే బాగా మందగిస్తాయి. మిర్చి నడుము ఎత్తు దాటదు, కాబట్టి డబ్బా భుజం ఎత్తు కర్ర మీద ఉంటే చాలు. మక్కలో అట్లా కాదు. ఆకుల్లో నీళ్లుంటాయి, వాన పడ్డాక మనిషెత్తు మక్క పచ్చటి గోడ అయిపోతుంది. యాంటెన్నా ఆ పైరు మీదికి రావాలి, లేకపోతే విత్తిన నెలలో బాగా వచ్చిన సిగ్నల్ కంకి వేసే నాటికి పోతుంది. మోటార్ స్టార్టర్ ఇనుప డబ్బాలో నోడ్ పెడితే యాంటెన్నా బయటికి తీయండి.

నియమం 1 వాట్ దాకా ఒప్పుకుంటుంది కదా అని అంత పెట్టకండి. గేట్‌వే మేడ మీద ఎత్తుగా ఉంటే ఒక ఊరి పొలాలకు 25 మిల్లీవాట్లు సరిపోతాయి. డ్రిప్ తోటలో నేల తేమ నిమిషానికోసారి మారదు, అరగంటకో గంటకో ఒకసారి పంపితే చాలు. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (సందేశాన్ని ఎంత సాగదీసి పంపాలో చెప్పే సెట్టింగ్) 12 పెడితే సందేశం ఎక్కువ దూరం వెళ్తుంది కానీ, 7లో సెకనులో పదో వంతు కూడా పట్టని సందేశం అక్కడ సెకనుకు పైగా గాలిలో ఉంటుంది, బ్యాటరీ అంతకంత తింటుంది. యాంటెన్నా ఎత్తు పెంచడం ఎప్పుడూ మేలు. కేబుల్ జీఐ పైపులోంచి తీయండి, మన వైపు కోతుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, వేలాడే నల్ల వైరు వాటికి కనిపిస్తే మిగలదు. వేసవి చివర పిడుగులకు పైపును ఎర్త్ చేయండి.

ఎన్ఐటీలోనో ఇంకో కాలేజీలోనో చదివే పిల్లలు ప్రాజెక్టు కోసం 915 బోర్డులు వాడాల్సి వస్తే, యాంటెన్నా తీసేసి రెండు బోర్డుల మధ్య అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే భాగం) పెట్టి కేబుల్‌తో కలిపి పరీక్షించుకోండి. గాలిలోకి పంపాలంటే ప్రయోగాలకు వేరే లైసెన్సు ఉంది, కాలేజీ ద్వారా దరఖాస్తు చేయాలి.

తమ్ముడూ, మీ గేట్‌వే వెనక లేబుల్ మీద ఉన్న మోడల్ నంబర్, ఎఫ్‌సీసీ ఐడీ (అమెరికా కమిషన్ ఆమోద నంబర్), తేమ సెన్సార్ డబ్బా విప్పితే రేడియో చిప్ మీద కనిపించే పేరు, ముల్లుకూ డబ్బాకూ మధ్య ఎన్ని వైర్లున్నాయో ఇక్కడ రాయండి. చేను నుంచి ఇల్లు ఎంత దూరం, మధ్యలో చెట్లున్నాయా, దగ్గర్లో టవర్ ఏ వైపు ఉందో కూడా రాయండి. ఆరు సెన్సార్లలో ఏవి మిగులుతాయో, కొత్తగా కొనాల్సింది ఏమిటో చూసి చెప్తాను.